అయస్కాంతం అంటుకోని చోటు

మార్చి 3

చిరంజీవి కోడలికి,

మీ అత్తయ్య దీవించి రాయునది. ఎప్పటిలాగే చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని మొదలుపెట్టబోతే పెన్ను ఆగిపోయింది. ఒక కాగితం చింపేశాను. రెండోదీ చింపేశాను. చివరికి చిరంజీవి ఒక్కటే మిగిలింది. అది చాల్లే అనుకుని రాస్తున్నా. నేను చదివింది ఐదో క్లాసు, అదీ సగం. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. పోయిన వారం చేశాం కదా, ఏం మాట్లాడుకున్నాం? నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది, నా గొంతు వింటే నీకూ అంతే. ఇద్దరం ముక్కులు ఎగబీల్చుకుని పెట్టేశాం. కాగితమైతే తడిసినా మాట పోదు.

సంగతేంటంటే తాళాలాయన వచ్చాడు. అదే, మన బిల్డింగు సెక్రటరీ. నడుముకి ఆ గుత్తి గలగలలాడించుకుంటూ గుమ్మంలో నిలబడి, "అమ్మా, వెనక షెడ్డులో ఉన్న ఆ కారుకి బీమా అయిపోయింది. బీమా లేని బండి పెట్రోలు ట్యాంకుతో బిల్డింగులో ఉండకూడదని కమిటీ తీర్మానం. మే నెలాఖరులోపు కాగితం చూపించాలి. లేకపోతే పాత ఇనుమువాళ్ళకి ఇచ్చేస్తాం" అన్నాడు. అబ్బాయి పోయి ఇంకా ఎన్నాళ్ళయిందని? ఆ ముక్క కూడా అన్నాను. "నేను మాత్రం ఏం చేయనమ్మా" అని గుత్తి తడుముకున్నాడు.

ఆ కారు అన్నాడే, అదే నాకు గుచ్చుకుంది. దాన్ని మనింట్లో కారు అని ఎవరన్నారు? మీ మామయ్య డ్రైవరుగా చేసిన డాక్టరుగారు ప్రాక్టీసు మానేసి దాన్ని ఆయనకే ఇచ్చేసిన రోజున వాడు టైరుని కాలితో తన్నాడు. "తన్నకూడదురా, అది మీ అమ్మకంటే పెద్దది" అన్నారు మీ మామయ్య. అమ్మకంటే పెద్దదైతే పెద్దమ్మే కదా అని వాడు వెంటనే దండం పెట్టాడు. అప్పట్నుంచీ పెద్దమ్మే. నీకు ఎన్నిసార్లు చెప్పి విసిగించాడో.

నేను రోజూ భోజనం అయ్యాక వెళ్ళి పెద్దమ్మలో కూర్చుంటున్నా. తలుపేసుకుంటే లోపల గ్రీజూ, వాడి చొక్కా కలిసిన వాసన. రోజురోజుకీ తగ్గిపోతోంది. అందుకే అద్దాలు దించను. అది కూడా తీసుకుపోతే నేనెక్కడ కూర్చోవాలి?

బండి నీ పేరు మీదకి మారింది కాబట్టి నీకు రాస్తున్నా. నా వంతుగా నేనూ బీమా ఆఫీసుకి ఒక కార్డు రాసి పడేశా. చూద్దాం.

వంటింట్లో కుళాయి కారుతోంది. అదొక్కటే రాత్రీపగలూ నాతో మాట్లాడుతోంది.

ఉంటాను,
మీ అత్తయ్య


మార్చి 11

అత్తయ్యకు,

నమస్కారం. ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. కళ్ళజోళ్ళ షాపులో మళ్ళీ పాత పనే. జనాల్ని కుర్చీలో కూర్చోబెట్టి ఈ అద్దంలో బాగుందా, ఆ అద్దంలో బాగుందా అని సాయంత్రం దాకా అడగడం. గదికొచ్చి పడుకోవడం.

బీమా గురించి కనుక్కున్నాను. మామూలు కంపెనీలు అంత పాత బండిని ముట్టుకోరట. పాతకాలపు అపురూపమైన బళ్ళకి వేరే బీమా ఉంది. దానికి ముందు ఒక మనిషి వచ్చి చూసి వెల కట్టాలి. ఒకాయన్ని మాట్లాడాను, వచ్చే వారంలో వస్తాడు. వెల కట్టనివ్వండి.

కుళాయికి ప్లంబర్ని పిలిపించుకోండి. మోకాళ్ళు జాగ్రత్త.

మీ కోడలు


మార్చి 20

కోడలికి,

ఈసారి దీవెన ముందు పెట్టలేదు. కోపంగా ఉన్నాను కాబట్టి. ముందు నవ్వొచ్చేది రాస్తా, తర్వాత కోపం.

మంగళవారం టై కట్టుకున్న ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. బీమా ఆఫీసు, మీరు కార్డు రాశారు కదా అన్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చా.

"పెద్దమ్మగారు ఎక్కడున్నారండీ?" అన్నాడు.

"వెనక షెడ్డులో" అన్నా.

గ్లాసు కింద పెట్టేశాడు. "షెడ్డులోనా?"

"ఇంట్లో ఎలా పడుతుందండీ?"

"లేచి తిరుగుతారా?"

"మావాడుండగా లేపేవాడు. ఇప్పుడెవరు లేపుతారు? బ్యాటరీ కూడా పోయింది."

"అంటే... గుండెకి పెడతారు, అదా అండీ?"

"గుండె బాగానే ఉంది. పొద్దున్నే మొదలుపెడితే కాస్త దగ్గుతుంది, పొగొస్తుంది. అందుకే గుడ్డ కప్పేసి ఉంచాం."

ఆయన మొహం నువ్వు చూడాల్సింది అమ్మాయ్. నేను కార్డులో ఏం రాశానో అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా పెద్దమ్మకి బీమా కావాలి, వయసు మీరింది, కొంతకాలంగా కదల్లేదు, మేం బాగానే చూసుకుంటున్నాం అని రాశా! షెడ్డు తలుపు తీసి చూపిస్తే గోడకి ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. వాడు పోయాక మొదటిసారి. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైపోయిందో నాకే తెలీలేదు. పాపం, పరాయి మనిషి ఏం చేస్తాడు, నేనిచ్చిన గ్లాసే నా చేతిలో పెట్టి తాగమన్నాడు. పోతూ పోతూ, "మీకేమైనా బీమా ఉందా అమ్మా?" అన్నాడు. నేను పోతే ఎవరికిస్తారని అడిగా. మీవాళ్ళ పేరు ఒకటి రాయాలన్నాడు. ఎవరి పేరు రాయాలో తోచక, మళ్ళీ చూద్దాంలే అని పంపించేశా.

ఇక కోపం. గురువారం ఇంకొకాయన వచ్చాడు. చేతిలో తోలు సంచి, ముక్కు చివర కళ్ళజోడు. "మీ కోడలుగారు పంపారు, బండికి వెల కట్టాలి" అన్నాడు. అమ్మేది లేదు అని ఆయన మొహం మీదే తలుపేశా.

వెల దేనికమ్మాయ్? అంగట్లో పెట్టిన దానికి కడతారు వెల. ఇంట్లో ఉన్నదానికి ఎందుకు? బండి నీ పేరు మీదుంది, నీ ఇష్టం. వయసులో ఉన్నదానివి, ముందు బోలెడు బతుకుంది, కాదన్నానా? కానీ అమ్మదలచుకుంటే అమ్ముతున్నాను అత్తయ్యా అని ఎదురుగా చెప్పు. బీమా అని ఉత్తరంలో పెట్టి, వెలగాడిని గుమ్మంలోకి పంపిస్తావా?

మీ అత్తయ్య


మార్చి 27

అత్తయ్యకు,

అమ్ముతానని ఎవరన్నారు? నేను రాసిన ఉత్తరంలో ఆ మాట ఎక్కడుంది?

వెల కట్టడం అని రాసింది నేనే, ఆ మాట తప్పు. ఆయన చేసే పనిని మదింపు అంటారట. బండిని చూసి దాని విలువ ఇంత అని కాగితం మీద రాసిస్తాడు. రేపు బండికి ఏదైనా అయితే బీమావాళ్ళు దాన్ని ఒప్పుకోవాలి. అంతే. ఆయన కొనడు, కొనేవాళ్ళని తేడు. ఆయనకి ఫోన్ చేసి క్షమించమన్నాను. "ఫర్వాలేదమ్మా, ఇంతకంటే గట్టిగా తలుపులు వేసినవాళ్ళున్నారు, మీ అత్తగారు నా ముక్కు వదిలేశారు" అన్నారు. ఏప్రిల్ మొదటి వారంలో మళ్ళీ వస్తారు. దయచేసి లోపలికి రానివ్వండి. పెద్దమ్మని కడగొద్దు, తుడవొద్దు. ఉన్నది ఉన్నట్టు చూడాలట.

వయసులో ఉన్నదానివి అని రాశారు. దానికి జవాబు రాయబోయి మానుకున్నాను.

పెళ్ళయిన కొత్తలో మీ అబ్బాయి పంపుల కంపెనీ నుంచి రాగానే చొక్కా మార్చుకుని నేరుగా షెడ్డులోకి పోయేవారు. నాకిది సవతి అన్నాను ఒకసారి. "పెద్దమ్మ సవతి ఎలా అవుతుందే, వరస తప్పుతున్నావ్" అన్నారు. నాకు కోపం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులు ఇప్పుడు ఎవరు తిరిగిస్తారు?

మీ కోడలు


ఏప్రిల్ 8

చిరంజీవి కోడలికి,

దీవించి రాయునది. మదింపో మందలింపో, ఆయన వచ్చి వెళ్ళాడు. తుడవొద్దన్నావని చేతులు పీకుతున్నా ధూళి ముట్టుకోలేదు.

వచ్చీ రాగానే కోటు విప్పి మేకుకి తగిలించి, గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం బయట. మీ మామయ్యా అలాగే, వాడూ అలాగే. మూడో జత కాళ్ళు చూసేసరికి నేను స్టూలు తెచ్చుకుని కూర్చున్నా.

పైకొచ్చాక ఒక్కొక్కటీ చూస్తూ, రాసుకుంటూ, పైకే చదువుతున్నాడు. "ఇంజను, అసలుదే. ముందు లైట్లు, అసలువే. స్టీరింగు, అసలుది కాదు." ఆ చెక్క చక్రం వాడు ఎన్నాళ్ళు చెక్కాడో నీకు తెలుసు. "తలుపుల లోపలి అట్టలు, అసలువి కావు. గేరు పిడి, అసలుది కాదు." ఊరుకోలేక అడిగా, "అసలుది కాకపోతే నకిలీదా అండీ? మావాడు చేసినవవి."

"నకిలీ అనలేదమ్మా. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు ఉన్నవి కావు అంటున్నా."

"పుట్టినప్పుడు ఉన్నవే ఉండాలంటే నాకు పళ్ళు కూడా ఉండకూడదు" అన్నా. నవ్వాడు గానీ రాసింది కొట్టేయలేదు.

తర్వాత డ్రైవరు పక్క సీటు. దాని మీద చెయ్యి వేయగానే అది గుమ్మం వైపుకి తిరిగింది. ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటమ్మా, తిరుగుతోంది?" నా మోకాళ్ళ కోసం వాడు కట్టిన చట్రం, బయటికి తిప్పి కూర్చుంటే కాళ్ళు ఎత్తక్కర్లేదు, కూర్చున్నాక లోపలికి తిప్పేస్తే సరి అని చెప్పా. ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "ఇది అసలు..." అన్నాడు. "కాదు. తెలుసు. రాసుకోండి" అన్నా. సీటు గుడ్డ కుట్టు చూసి మాత్రం ఆగాడు. "చేత్తో కుట్టిందా?" అన్నాడు. మరి! వాడికి బొత్తాం కుట్టుకోవడం నేర్పింది నేనే. అంచు దగ్గర జానెడు మేర కుట్టు వంకర పోయింది చూశావా? అప్పటికే వేళ్ళు వణుకుతున్నాయి కాబోలు వాడికి. నేను కూర్చున్నప్పుడల్లా ఆ వంకర మీదే చెయ్యి పెట్టుకుంటా.

ఆఖరికి జేబులోంచి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీశాడు. ఇదెందుకండీ అన్నా. "ఇనుమున్న చోట అంటుకుంటుందమ్మా. తుప్పు తినేసిన చోట లప్పం పూడ్చి రంగేసి ఉంటే అక్కడ అంటుకోదు. కంటికి తెలీదు, దీనికి తెలుస్తుంది." బండి ఒళ్ళంతా టప్పు టప్పుమని అంటిస్తూ పోతున్నాడు. వెనక చక్రం పైన జారి అరచేతిలో పడిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. "ఇక్కడ పూడ్చారు. నా కంటికే దొరకలేదు. మంచి చెయ్యి" అన్నాడు. మంచి చెయ్యి అన్నాడమ్మాయ్.

ఆయన వెళ్ళిపోయాక కుట్టుడబ్బాలో సూదులు ఏరుకునే అయస్కాంతం తీసుకుని నేనూ మొదలుపెట్టా. ఇన్నాళ్ళూ వాడు షెడ్డులో ఏం చేసేవాడో నాకు తెలీదు. చప్పుడు వినడమే. ఇప్పుడు తెలిసింది. అంటుకోని చోటల్లా వాడి చెయ్యి ఉంది. తలుపు కింద ఒకటి, దీపం పక్కన ఒకటి, వెనకవైపు పెద్దది ఒకటి. చాక్‌పీసుతో గుండ్రంగా చుట్టుకుంటూ పోయా. తాళాలాయన తొంగి చూసి, "పెద్దవారు కదమ్మా, గోడలు దొరకలేదా గీతలకి" అన్నాడు. అననీ.

కాగితం నీకే పంపుతాడట. వచ్చాక రాయి.

మీ అత్తయ్య


ఏప్రిల్ 19

అత్తయ్యకు,

నమస్కారం. మదింపు కాగితం వచ్చింది. ఎలా రాయాలో తెలియక నాలుగు రోజులు ఉంచుకున్నాను.

బండి వాళ్ళ కొలతకి అందలేదు. అసలు భాగాలు సరిపడా ఉంటేనే దానికి అపురూపమైన బండి అని పేరు. లేకపోతే ఉత్త ముసలి బండి. ముసలి బండికి బీమా ఇవ్వరు. ఆయనకి ఫోన్ చేసి ఏదైనా దారి ఉందా అని అడిగాను. పూడ్చిన చోట్లు ఫర్వాలేదట, ఆ వయసు బండికి అవి మామూలేనట. లోపల మార్చినవే అడ్డం. మీ అబ్బాయి తీసేసిన పాత సీట్లు, స్టీరింగు, అట్టలు అటక మీద దుప్పట్లలో చుట్టి ఉన్నాయి కదా. వాటిని మళ్ళీ బిగిస్తే ఇంకోసారి వచ్చి చూసి, కాగితం మార్చి రాస్తానన్నారు.

మెకానిక్కుతో మాట్లాడాను, ఒక్క పూట పని అన్నాడు. ఆయన చేసినవి తీసేస్తే బండి నిలుస్తుంది. ఉంచితే బండే పోతుంది. ఇంతకంటే వేరేగా రాయడం నాకు చేతకావడం లేదు.

మెకానిక్కుని పంపమంటారా?

మీ కోడలు


ఏప్రిల్ 26

కోడలికి,

పంపొద్దు.

కొడుకుని తీసేసి కారుని ఉంచుకోమంటావా? ఏ తల్లికైనా ఈ మాట రాస్తారా? ఫ్యాక్టరీవాడు చేసింది అసలంట, నా కడుపున పుట్టినవాడు చేసింది అడ్డమంట. ఆ సీటు తీసేస్తే నేను బండి ఎక్కలేను. పాత సీటు తిరగదు. వంగి, కాలు మడిచి, లోపలికి దూరాలి. నా మోకాళ్ళు మడవడం మానేసి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. ఎక్కలేని బండి ఉండి ఏం లాభం, ఊడి ఏం లాభం? పాత ఇనుమువాళ్ళు రానీ. నేను లోపల కూర్చునే ఉంటా. నాతో కలిపి తూకం వేసుకోనీ.

నీకేం, ఎలాగైనా రాస్తావు. వాడు పోయి నెల తిరక్కుండానే సూట్‌కేసు సర్దుకున్నదానివి. టీ గ్లాసు కడిగి బోర్లించినట్టు, ఇంత కాపురమూ కడిగి బోర్లించి వెళ్ళిపోయావు. గుమ్మం దాకా వచ్చి నిలబడితే వెనక్కి తిరిగి చూశావా? చూడలేదు. నేను చూస్తూనే ఉన్నా. రిక్షా మలుపు తిరిగేదాకా చూశా.

ఇంక రాయడానికి ఏం లేదు.

అత్తయ్య


మే 4

అత్తయ్యకు,

వెనక్కి తిరిగితే దిగిపోయేదాన్ని. అందుకే తిరగలేదు.

ఆ ఇంట్లో మీరు ఏడుస్తుంటే నేను ఏడవకూడదు. ఎవరో ఒకరు స్టవ్ వెలిగించాలి కదా. వచ్చినవాళ్ళు మీ పక్కన కూర్చుని మీ చెయ్యి పట్టుకునేవాళ్ళు. తల్లి కదా, తల్లికే ఎక్కువ. నన్ను మాత్రం ఇంకో గ్లాసు టీ అడిగేవాళ్ళు. తప్పు పట్టడం లేదు. టీ పెట్టడం ఆపి కాసేపు ఏడవడానికి ఒక గది కావాల్సి వచ్చింది. షాపువాళ్ళు పిలిచారు, వచ్చేశాను. ఇక్కడ గదిలో ఒక మంచం, ఒక మేకు ఉన్నాయి. ఎవరూ టీ అడగరు.

ఇంకొకటి రాయాలి. రాయకూడదనే అనుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక ఉండలేకపోతున్నాను.

సీటు చట్రం ఆయనదే. కుట్టు ఆయనది కాదు అత్తయ్యా. నాది.

ఆసుపత్రిలో ఉండగా మొదలుపెట్టాం. ఆయన మంచం మీద పడుకుని చెప్పేవారు, నేను స్టూలు మీద కూర్చుని, ఆ మందపాటి గుడ్డ ఒళ్ళో వేసుకుని, దబ్బనంతో కుట్టేదాన్ని. ఇంటికెళ్ళగానే అమ్మని కూర్చోబెట్టి తిప్పాలి అనేవారు. సాయంత్రం మీరు వచ్చేసరికి మంచం కింద దాచేసేవాళ్ళం, మీరు చూసేస్తారని. ఆ వంకర పోయిన చోట వేళ్ళు వణికింది ఆయనకి కాదు. ఆ రోజు రక్తం రిపోర్టు వచ్చింది. నర్సు నన్ను బయటికి పిలిచి చెప్పింది. లోపలికొచ్చి, ఏమీ కానట్టు మళ్ళీ సూది పట్టుకున్నాను. ఆయన చూస్తున్నారు కదా మరి. "లైను తప్పావ్" అన్నారు. "మీరు కదిలారు" అన్నాను. "నేను కదిలితే నీ సూది ఎందుకు వంకరపోతుందే" అన్నారు. నేను నవ్వాను. ఎలా నవ్వానో తెలీదు.

తర్వాత ఇంటికొచ్చిన ఆ కొద్ది రోజుల్లో చట్రం ఆయనే బిగించారు. మీరు కూర్చుని తిరగడం చూశారు. అది చాలనుకున్నాను. ఎవరు కుట్టారో చెప్పాల్సిన అవసరం రాలేదు.

మీకు ఆ సీటు కావాలి. నాకు ఆ బండి కావాలి. ఇప్పటిదాకా మీకు చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను, నాకు కావాలి. ఈ గదిలో ఆయన ముట్టుకున్న వస్తువు ఒక్కటి లేదు. బండి ఎక్కడో ఒకచోట ఉంది అని తెలిస్తే చాలు. చూడకపోయినా ఫర్వాలేదు.

అయినా అందులో రోజూ కూర్చునేది మీరు. కాబట్టి మీ మాటే. ఏ కాగితం పంపితే దాని మీద సంతకం పెడతాను, అడగను.

మీ కోడలు


మే 29

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య దీవించి రాయునది. ఇంతకాలం జవాబు రాయలేదని ఏమనుకున్నావో. నీ ఉత్తరం వచ్చిన రోజు షెడ్డుకి వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. కోపమో, సిగ్గో, ఏదో ఒకటి పట్టుకుంది. మంచం కింద గుడ్డ దాచి పెట్టుకుని నేను రాగానే ఇద్దరూ అంత బుద్ధిగా కూర్చునేవాళ్ళా! నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. నేను తెచ్చిన పళ్ళు వలిచి పెడుతూ మీ ఇద్దరికీ ధైర్యం చెప్పేదాన్ని. అన్నీ తెలిసి నువ్వు నా చేత ధైర్యం చెప్పించుకున్నావు.

మూడో రోజు వెళ్ళా. కూర్చున్నా. చెయ్యి దానంతటదే ఆ వంకర మీదకి పోయింది. తీసేద్దామనుకున్నా. నాది అనుకున్నది నాది కాదని తెలిస్తే చెయ్యి వెనక్కి రావాలి కదా. రాలేదు. నర్సు చెప్పాక వేసిన కుట్టు ఇది అని ఒక్కొక్క దారం తడిమా. వాడు పోతాడన్న సంగతి నీకు అంత ముందే తెలుసు. నాకంటే ముందు మొదలుపెట్టావు నువ్వు ఏడవడం, ఒక్కదానివే, చప్పుడు లేకుండా.

అలాగే లేచి వెళ్ళి మెకానిక్కుకి కబురు పెట్టా.

అటక మీంచి దుప్పటి మూటలు దింపాం. స్టీరింగు విప్పుతుంటే నేను అక్కడ లేను. కుళాయి బాగుచేసే ప్లంబర్ని కావాలని ఆ రోజే పిలిపించుకుని వంటింట్లో నిలబడ్డా. సీటు విప్పేటప్పుడు మాత్రం వచ్చా. నాలుగు బోల్టులు. వాడు ఎంత గట్టిగా బిగించాడో, మెకానిక్కు చెమటోడ్చి, "మావాడు శాశ్వతం అనుకుని బిగించాడత్తా" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు, పాపం వాడి స్నేహితుడే కదా.

మదింపాయన సోమవారం వచ్చాడు. అసలుది, అసలుది, అసలుది అని చదువుకుంటూ పోయాడు. ఎక్కడా ఆగలేదు. కాగితం మార్చి రాసి బీమావాళ్ళకి పంపించాడు, నిన్న బీమా కాగితం వచ్చింది. తాళాలాయన అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, ఉండనీ" అన్నాడు. అంతే. రెండు మాటల కోసం ఇన్ని నెలలు.

నీ బండి ఉందమ్మాయ్. ఎక్కడో ఒకచోట కాదు, ఇక్కడే.

నిన్న సాయంత్రం ఎక్కడానికి ప్రయత్నం చేశా. ముందు తల పెట్టా, తర్వాత కాలు పెట్టా, వెనక్కి తిరిగి నడుము పెట్టా. ఏదీ కుదరలేదు. ఊపిరి ఆడక తలుపు పట్టుకుని నిలబడ్డా. లోపలికి చూస్తే ఎవరిదో బండిలా ఉంది. డాక్టరుగారు రోగి ఇంట్లోంచి ఇప్పుడే వచ్చి ఎక్కుతారేమో అన్నట్టుంది. వాసన కూడా పోయింది, తలుపులన్నీ తీసి పెట్టారు కదా పని చేసేటప్పుడు. చాక్‌పీసు గుండ్రాలు మదింపాయన వస్తాడని నేనే తుడిచేశా. ఎక్కడెక్కడో నాకు తెలుసు, ఫర్వాలేదు. నువ్వు బాధపడతావని రాయడం లేదు ఇది. దాచిపెట్టడాలు మనింట్లో ఇక చాలని రాస్తున్నా.

సీటుని మెకానిక్కు ఒక దిట్టమైన చెక్కకి బిగించి ముందు గదిలో పెట్టాడు. తిరుగుతోంది. ఇటు తిప్పితే కిటికీ, అటు తిప్పితే గోడ. అందులో కూర్చునే రాస్తున్నా. కుట్టు నాలుగు చోట్ల కాస్త వదులైంది, విప్పడంలో. బిగించడం నాకు చేతనవును గానీ ముట్టుకోను. నీ చేతి లైనులో నా చెయ్యి పడితే తెలిసిపోతుంది.

ఆ టై ఆయనకి కబురు పెట్టి నీ పేరు రాయించా. అడగొద్దు, ఏం లేదు, ఒక పేరు కావాలన్నాడు.

ఇంకొక్క మాట. ఈ బీమా ఏడాదే ఉంటుందట. మళ్ళీ ఏడాది మదింపప్పుడు బండి ఎవరి పేరు మీదుందో వాళ్ళే స్వయంగా వచ్చి, బండి పక్కన నిలబడి సంతకం పెట్టాలట. పోస్టులో పంపితే చెల్లదట. నేను పెట్టిన రూలు కాదు, కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉంది, ఆ టై ఆయన చేత రెండుసార్లు చదివించా. నేను రమ్మనడం లేదు. రూలు రమ్మంటోంది.

వచ్చినప్పుడు టీ నేను పెడతా. సీటు ఒక్కటే ఉంది, అందులో నువ్వు కూర్చో. నాకు స్టూలు అలవాటే.

మీ అత్తయ్య